నోర్మా ఇచ్చిన పిలకలు

నోర్మా చార్ల్‌టన్ నాతో సరిగ్గా మాట్లాడి పదిహేను నెలలైంది. ఊరి ఉమ్మడి తోటలో మా ఇద్దరి మళ్ళకూ మధ్య నడుమెత్తు కంచె ఒక్కటే అడ్డం. పొద్దున్నే నేను "చలి బాగా ఉందే" అంటాను. ఆమె పారతో మట్టిని పొడుస్తుంది. ఆ పోటు మట్టికి కాదని నాకు తెలుసు. తప్పు నాదే. ఎవరూ అడక్కపోయినా చెబుతున్నాను, ఎందుకంటే ఊళ్ళో ఈ సంగతిని క్లిఫ్ మిల్బర్న్ ఇంకోరకంగా చెప్పుకు తిరుగుతున్నాడు. వాడి లెక్కలో నోర్మా పిచ్చిది, మేమంతా పెద్దమనుషులం. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది.

మాది డర్హమ్ తీరాన బొగ్గు ఊరు. గని మూసేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. బొగ్గు పోయింది, పనులు పోయాయి, లీకుల్లి మిగిలింది. గడ్డ కట్టని ఉల్లి అది. కింద తెల్లటి కాడ, పైన పచ్చటి ఆకులు. అంగట్లో దొరికేది రెండు వేళ్ళ లావు ఉంటుంది. మేం పెంచేది మనిషి మోచేతి కన్నా లావు. ప్రతి సెప్టెంబరులో క్లబ్బు హాల్లో పోటీ. జంటగా పెట్టాలి, రెండూ కవలల్లా ఉండాలి. దాని ధ్యాసలో పడి పెళ్ళాం పుట్టినరోజు మర్చిపోయినవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. దీనికి విత్తనం వెయ్యం. ముదిరిన లీకుల్లి పూలగుత్తి మీద సన్నటి పిలకలు పుడతాయి, వాటిని నాటుతాం. ఎవరి పిలకలు వాళ్ళవే. తండ్రి కొడుక్కి ఇస్తాడు, అంతే. పరాయివాడికి ఇవ్వడమన్నది మా ఊళ్ళో వినలేదు. ఒకడి లీకుల్లిని ఇంకొకడు కత్తితో కోస్తే వాణ్ణి జన్మలో మళ్ళీ క్లబ్బు గడప తొక్కనివ్వం. మనిషిని కొట్టినవాడికైతే ఆరు నెలలే.

నోర్మా మొగుడు రాల్ఫ్ గనిలో కరెంటు పని చేసేవాడు. పోటీకి ఇరవై ఏళ్ళు వాడే అధ్యక్షుడు. ఒకసారి ఎవడో పక్క ఊళ్ళో కొన్న లీకుల్లిని బామ్మర్ది చేత పంపించి గెలవబోయాడు. రాల్ఫ్ బల్ల గుద్ది రూలు రాయించాడు: పెంచిన మనిషే, తన సొంత చేత్తో, శుక్రవారం సాయంత్రం నాలుగు నుంచి ఏడు లోపల బల్ల మీద పెట్టాలి. దానికి మూడు వారాల ముందు కార్యదర్శి ప్రతి మడికీ వెళ్ళి, పోటీకి పెట్టే లీకుల్లి ఆకు మీద ఊదారంగు ముద్ర కొట్టాలి. కార్యదర్శిని నేనే, నెవిల్‌ని. ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు తోలాను. ఆ ముద్ర, హాలు తాళంచెవి రెండూ నా జేబులోనే ఉంటాయి.

రాల్ఫ్ ఏడేళ్ళ కిందట పోయాడు. సరిగ్గా ఆ శుక్రవారం పొద్దున, గాజుపాకలో లీకుల్లి కడుగుతూ గుండె ఆగి పడిపోయాడు. సాయంత్రం ఆరింటికి నోర్మా వాడి జంటను తడి తువ్వాల్లో చుట్టి హాలుకు తెచ్చింది. మేం తలలు దించుకుని రూలు చెప్పాం. ఆమె గోడ మీది రూళ్ళ అట్ట వైపు చూసి "ఆయన రాసిందేగా" అంది. తీసుకెళ్ళిపోయింది. చావింటికి వచ్చినవాళ్ళకి ఆ లీకుల్లితోనే సూపు కాచి పోసింది. మేమంతా తాగాం, బాగుందని కూడా అన్నాం. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మరుసటేడు ఆమె వాడి మడిలో దిగి మమ్మల్నందరినీ ఓడించింది. ఆ తర్వాత ఇంకో మూడేళ్ళు ఓడించింది. ఒక్క మందు చల్లకుండా, గుర్రప్పేడ, సముద్రపు నాచు, వంటింటి తొక్కలు, వీటితోనే.

ఇక ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాళ్ళ సంగతి. ప్రాణభయంతో దేశం దాటి వచ్చి ఇక్కడ ఉండనివ్వమని అర్జీ పెట్టుకున్నవాళ్ళను సర్కారు మా ఊరి పాత గని ఇళ్ళలో తెచ్చి పెట్టింది. అర్జీ తేలేదాకా పని చేయకూడదు. ఏళ్ళు గడిచినా అర్జీ తేలదు. ఊరికే కూర్చోబెట్టి, ఊరికే కూర్చున్నారని తిట్టడం మనవాళ్ళకు అలవాటే. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చర్చి హాల్లో ఆరు మంగళవారాల పాఠం పెట్టారు. పర్యావరణానికి చేటు చేయకుండా బతకడం, మందుల్లేకుండా కూరగాయలు పండించడం. చెప్పడానికి టోబీ అని మెడలో తాడూ కార్డూ వేసుకున్న కుర్రమేష్టారు వచ్చాడు. తోటపని తెలిసిన ఊరి మనిషి కావాలంటే నోర్మా పేరు నేనే చెప్పాను. బడి వంటింట్లో ఇరవై ఆరేళ్ళు ఆరొందలమంది పిల్లలకు వండిపెట్టిన మనిషి. ఎవరి మాటా పడదు, ముక్కు మీదే కోపం. చూద్దామని నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను.

టోబీ మిషనుతో గోడ మీద పెద్ద పాదం బొమ్మ వేశాడు. "మన ప్రతి పనికీ ఒక కార్బన్ పాదముద్ర ఉంటుందండీ. దాన్ని తగ్గించుకోవాలంటే ముందుగా మనం విమాన ప్రయాణాలు తగ్గించుకోవాలి" అన్నాడు.

పదకొండు మంది కూర్చుని ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. వెనక వరుసలో సన్నటి ఆవిడ చెయ్యెత్తింది. ముప్ఫై నాలుగేళ్ళుంటాయి. పేరు అబ్రెహెత్, ఊరు ఎరిత్రియా కొండల్లో. వాళ్ళ దేశంలో సైన్యంలోకి తీసుకుంటే వదలరట. పారిపోయి వచ్చింది.

"నడిచి వస్తే ఎంత అవుతుంది?" అంది.

"అంటే?"

"మా ఊరి నుంచి సూడానుకు నడిచాను. అక్కడి నుంచి లారీ, నలభైమందిమి. తర్వాత పడవ. అందులో ఎంతమందో లెక్క తెలీదు, దిగేటప్పటికి తగ్గారు. నా పాదం పెద్దదా, చిన్నదా? ఇంకా తగ్గించాలా?"

టోబీ మొహం బీట్‌రూట్ అయిపోయింది. నోర్మా లేచి నిలబడింది.

"బాబూ, ఆ మిషను ఆపు" అంది. "వీళ్ళకి కారు లేదు. ఇంట్లో హీటరు ఎప్పుడు వెయ్యాలో ఆ ఇళ్ళు చూసే కంపెనీవాడు ఎక్కడో కూర్చుని నొక్కుతాడు. ఒంటి మీద ఉన్నది ఎవరో విడిచిన బట్ట. వీళ్ళకి నువ్వు పొదుపు నేర్పుతావా? తాతకు దగ్గులు నేర్పినట్టుంది."

"అది కాదు మేడమ్, ఇంకా ఇరవై రెండు బొమ్మలున్నాయి..."

"పేడకుప్పలో వెయ్యి. కుళ్ళితే దేనికైనా పనికొస్తాయి. లేవండమ్మా అందరూ. బూట్లున్నవాళ్ళు బూట్లు వేసుకోండి, లేనివాళ్ళకు మా షెడ్డులో ఉన్నాయి."

అంతే. ఆరు మంగళవారాలు కాస్తా ఏడాదిన్నర అయింది. టోబీ కూడా వచ్చేవాడు, పాపం, తోపుడుబండి తోసేవాడు. మంచివాడే, మాటలే పుస్తకంలోవి. నోర్మా పాఠం అంటే తిట్లు. "ఎవడు చెప్పాడు అంత నీళ్ళు పొయ్యమని? మొక్కేమైనా ఈత నేర్చుకుంటోందా?" "తొక్క పారేస్తావేం? పారెయ్యడానికి అవతల అనే చోటు లేదు, అంతా ఇక్కడే." కంపోస్టు కుప్పలో చెయ్యి పెట్టమంటే మొదటి రోజు అందరూ మొహాలు చూసుకున్నారు. అబ్రెహెత్ మోచేతి దాకా దూర్చింది. "వేడిగా ఉంది. బతికే ఉంది" అంది. నోర్మా ఆమెను అలా చూస్తూ ఉండిపోయింది.

ఆ పిల్లకు మట్టి తెలుసు. పేనుబంక పడితే పొయ్యి బూడిద చల్లింది, పోయింది. ఆకుకూర కోస్తే మొదలు ఉంచి చుట్టూ ఆకులే గిల్లేది. మొహం కడిగిన నీళ్ళు పట్టి మొక్కల మొదట్లో పోసేది. మా దగ్గర నీళ్ళకేం కరువమ్మా, రోజూ వానేగా అంటే, "అలవాటు పోతే మళ్ళీ రాదు" అనేది. నోర్మాను 'ఆదెయ్' అని పిలిచేది, వాళ్ళ భాషలో అమ్మా అని. అలలు వెనక్కి పోయాక ఇద్దరూ సముద్రం ఒడ్డుకు వెళ్ళి గోనెసంచుల్లో నాచు నింపుకొచ్చేవాళ్ళు. రాల్ఫ్ తర్వాత పోటీకి అధ్యక్షుడైన క్లిఫ్ మడి ఆ దారి మీదే ఉంటుంది. వాడి మడిలో నత్తలకు నీలం గుళికలు, కలుపుకు సీసా మందు, లీకుల్లికి ఎవరికీ చూపించని డబ్బా ఒకటి.

"ఏంటి నోర్మా, దేశంలో ఉన్నవాళ్ళందరికీ మన తోటలో చోటిస్తున్నావ్?" అన్నాడొకసారి.

"నీ లీకుల్లిని పురుగు కూడా ముట్టదు క్లిఫ్. దానికి నీకన్నా బుద్ధుంది" అంది నోర్మా, బండి ఆపకుండానే.

ఆ డిసెంబరులో నేను కంచె పక్క నుంచి చూశాను. నోర్మా రాల్ఫ్ పొగాకు డబ్బా తెరిచి పన్నెండు పిలకలు ఎంచి అబ్రెహెత్ అరచేతిలో పెట్టింది. నేను కంచె మీదికి వంగి అరిచాను.

"నోర్మా! మతి పోయిందా నీకు? అవి రాల్ఫ్ పిలకలు!"

"రాల్ఫేం అడ్డం చెప్పలేదే."

"నలభై ఏళ్ళుగా పక్కనే ఉన్నా నాకు ఒక్కటివ్వలేదు!"

"నువ్వు అడిగావు నెవిల్, ఏడాదికోసారి. ఈ పిల్ల ఒక్కసారి అడగలేదు. వచ్చిన రోజు నుంచి నడుం వంచి పని చేస్తోంది. అదీ తేడా."

ఆ పన్నెండింటిలో మూడు చూడాల్సినట్టు ఊరాయి. ఆగస్టు చివర ముద్ర కొట్టడానికి వెళ్ళి టేపు పెడితే నా కళ్ళను నేనే నమ్మలేదు. మళ్ళీ పెట్టాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, క్లిఫ్ వాటికన్నా అర అంగుళం ఎక్కువ. జంటగా రెంటికి ముద్ర కొట్టాను. అబ్రెహెత్ వంగి ఆ ఊదారంగు గుండ్రాన్ని చాలాసేపు చూసింది.

"ఇది ఉంటే వీటిని ఇక్కడినుంచి ఎవరూ పంపించెయ్యలేరా?" అంది.

"పోటీ అయ్యేదాకా వీటి జోలికి ఎవరూ రాకూడదు."

"నాకు మూడేళ్ళుగా దొరకని ముద్ర మా ఉల్లికి దొరికింది" అని నవ్వింది. నోర్మా పొట్ట పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. అందులో నవ్వాల్సిందేముందో ఇప్పుడైతే నాకు తెలీదు.

క్లిఫ్ ఆ సాయంత్రమే క్లబ్బు పుస్తకం తిరగేశాడు, ఆమె సభ్యురాలు కాదేమోనని. నోర్మా ఏడాది ముందే ఆమెను చేర్పించి పెట్టింది. వాడు పుస్తకం మూసేసి బీరు తెప్పించుకున్నాడు.

పోటీ వారం మంగళవారం అబ్రెహెత్‌కు ఉత్తరం వచ్చింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి వ్యాను వస్తుంది. రెండు సంచులకు మించి సామాను తేకూడదు. రెండొందల యాభై మైళ్ళ దూరాన, రోడ్డు పక్క హోటల్లో గది. ఎందుకో రాయలేదు. రాకపోతే తిండి, నీడ రెండూ ఆపేస్తామని మాత్రం నల్లటి అక్షరాల్లో రాశారు. నోర్మా రోజంతా ఫోను పట్టుకుంది. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి. గంటసేపు పాట వినిపించి పెట్టేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ పాట. టోబీ వినతిపత్రం పంపాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"ఆదెయ్, నేను వెళ్ళాలి. అది తెలుసు" అంది అబ్రెహెత్. "మూడు ఊళ్ళు మార్చారు, ఇది నాలుగోది. కానీ ఈసారి ఒక్క పని పూర్తి చేసి వెళ్ళాలని ఉంది. బల్ల మీద నా చేత్తో పెట్టి వెళ్ళాలి. అబ్రెహెత్ అని చీటీ మీద రాసి ఉండాలి. ఇక్కడ ఉన్నానని ఏదో ఒకటి ఉండాలి కదా."

ఆ పిల్ల అడిగింది ఇంతే. గెలుపు కూడా అడగలేదు.

బుధవారం సాయంత్రం కమిటీ కూర్చుంది. ఐదుగురం. నోర్మా వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"శుక్రవారం పొద్దున ఏడింటికి నెవిల్ తాళం తియ్యాలి. ఆమె వస్తుంది, ముద్ర చూసుకోండి, సొంత చేత్తో పెడుతుంది, వ్యానెక్కుతుంది. రూలుకేం కాదు. సాయంత్రం బదులు పొద్దున, అంతే."

క్లిఫ్ గొంతు సవరించుకున్నాడు. "నాలుగు నుంచి ఏడు అని ఉంది నోర్మా. నీ మొగుడు రాసిందే. ఆయన పోయిన రోజు ఆయనకే సడలించలేదు. ఆయన లీకుల్లిని నీ చేతుల్లోనే వెనక్కి పంపాం. ఇవాళ ముక్కూ మొహం తెలియని మనిషికి సడలిస్తే రాల్ఫ్‌కి ఏం మర్యాద?"

ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. తర్వాత ఒక్కసారిగా కందగడ్డ అయింది.

"రాల్ఫ్ పేరు నీ నోట్లోంచి తియ్యి" అంది. "ఆ రోజు నేను నోరు మూసుకున్నాను. అది నా తప్పు. చచ్చినవాడు రాలేడు, సరే అనుకున్నాను. ఈ పిల్ల బతికుంది. వస్తానంటోంది. తాళం తియ్యమంటోంది. రాల్ఫ్ రూలు రాసింది దొంగ కోసం. ఈమె దొంగా? చెప్పు క్లిఫ్, దొంగేనా? ముక్కూ మొహం తెలియదా నీకు? ఏడాదిన్నరగా నీ మడి పక్క నుంచే పేడ మోసింది!"

"చేతులెత్తండి" అన్నాడు క్లిఫ్.

ఇద్దరు తాళం తియ్యాలన్నారు. క్లిఫ్, ఇంకొకడు వద్దన్నారు. మిగిలింది నా చెయ్యి. నోర్మా నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదనుకుంది. పక్క మడివాణ్ణి, రాల్ఫ్ శవపేటిక మోసినవాణ్ణి, ముద్ర కొట్టినవాణ్ణి. నేను మాత్రం క్లిఫ్‌నే చూశాను. ప్రతి శనివారం వాడితో కూర్చుని తాగుతాను. ఊళ్ళో బయటివాళ్ళ పక్షమని పేరు పడితే ఎవడి బల్ల దగ్గర కూర్చోవాలి? అబద్ధం ఆడను, నా బుర్రలో ఉన్నది అంతే. రూలు గీలు నోటికి వచ్చిన సాకు. వద్దన్నవాళ్ళ వైపు చెయ్యెత్తాను.

రాల్ఫ్ పోయిన రోజు తప్ప నోర్మా తిట్టకుండా గది దాటడం నేను ఎప్పుడూ చూడలేదు.

గురువారం మధ్యాహ్నం మడిలో పొగ కనిపించింది. అబ్రెహెత్ ముద్ర ఉన్న రెండు లీకుల్లినీ పెకలించేసింది. నోర్మా షెడ్డు ముందు స్టవ్ మీద పెద్ద గిన్నె. లీకుల్లి తరిగి, తన డబ్బాలోని ఎర్ర కారం వేసి వేయిస్తోంది. తోటకు వచ్చే పదిమందీ చుట్టూ ఉన్నారు. టోబీ కళ్ళు తుడుచుకుంటున్నాడు, కారానికే అంటున్నాడు. నేను కంచె ఇవతలే నిలబడ్డాను. ఆమె చూసింది.

"నెవిల్ గారూ, రండి. తిందాం."

"అయ్యో, పీకేశావేంటమ్మా అలాంటివాటిని?"

"ఇది తిండి కదా. నేను పోయాక ఎవరో టేపు పెట్టి చూసుకోవడానికి కాదు. ఆకలున్నవాళ్ళ ముందు పెడతాను. అది కూడా బల్లే."

గిన్నెలో వేసి ఇచ్చింది. నేను తిన్నాను. తినకుండా పోయే మొహం కూడా నాకు లేదు. తిన్నాక గింజలు వేయించి కాఫీ కాచింది. వాళ్ళ పద్ధతిలో మూడుసార్లు పోస్తారు. మూడోది దీవెనట, అది తాగకుండా లేవకూడదట. రెండోది అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. తరిగేటప్పుడు పక్కన పెట్టిన ఆకు ముక్క, కడిగి, తుడిచి, నా చేతిలో పెట్టింది. ఊదారంగు గుండ్రం అలాగే ఉంది.

"మీ ముద్ర. దీంతో నాకు పని అయిపోయింది, మీకే ఇచ్చేస్తున్నాను" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఎంత బాగుండేదో. నేను మూడో కప్పుకు ఆగలేకపోయాను. కంచె దాటుతుంటే నోర్మా గొంతు వినిపించింది, "పోనీలే బంగారం, ఆ మనిషి ఏదీ చివరిదాకా నిలబడడు."

శుక్రవారం వ్యాను పావుగంట ముందే వచ్చింది. అబ్రెహెత్ చేతిలో రెండు సంచులు, చంకలో రంగుడబ్బా. అందులో మట్టి, మిగిలిన మూడో లీకుల్లి. ముద్ర వెయ్యనిది. వచ్చే ఏడు పూస్తే దానికి పిలకలొస్తాయి. డ్రైవరు దాన్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

"మొక్కలు ఎక్కించకూడదు. రెండు సంచులే."

"అది మనిషి ఒళ్ళో పెట్టుకుంటుందయ్యా! నీ వ్యానుకేమైనా బరువా?" నోర్మా అరుపుకు వీధి వీధంతా తలుపులు తెరిచారు. "మనుషుల్ని మూటల్లా విసిరేస్తారు, మొక్క దగ్గరికొచ్చేసరికి రూలు గుర్తొస్తుందా? నీకు తల్లి లేదా?"

"నాకు చెప్పింది నేను చేస్తున్నానమ్మా" అన్నాడు వాడు, నేల చూస్తూ. ఆ మాట నాకు బాగా తెలిసిందే. అబ్రెహెత్ డబ్బాను నోర్మా చేతుల్లో పెట్టి, వాళ్ళ పద్ధతిలో ఆమె భుజానికి భుజం మూడుసార్లు తాకించి, ఎక్కేసింది.

ఆ సాయంత్రం ఏడుకు పది నిమిషాలుండగా నోర్మా హాలుకు వచ్చింది. తడి తువ్వాలు విప్పి తన జంటను బల్ల మీద పెట్టింది. అలాంటి జంటను నా జన్మలో చూడలేదు. క్లిఫ్ టేపు పెట్టి, పెదాలు కొరుక్కుని, అంకె చెప్పాడు. క్లబ్బు చరిత్రలో అంత పెద్దది లేదు. ఎవడో చప్పట్లు మొదలుపెట్టాడు.

"ఆగండి" అంది నోర్మా. సంచిలోంచి బడి వంటింటి కత్తి తీసింది. నాలుగు వేట్లు. తెల్లటి కాడలు బల్ల మీద ముక్కలై దొర్లాయి. ఒక ముసలాయన "అయ్యో దేవుడా" అని కుర్చీలో కూలబడ్డాడు.

"సొంత చేత్తో పెంచాను. సొంత చేత్తో పెట్టాను. సొంత చేత్తో కోశాను. టైమింకా ఏడు కాలేదు. ఇప్పుడు కొలువు క్లిఫ్" అంది. "ఆ పిల్ల చెయ్యి పడకూడని బల్ల మీద నా చెయ్యీ వద్దు, నా మొగుడి పేరూ వద్దు."

గోడ మీద గెలిచినవాళ్ళ పేర్ల పలకలో రాల్ఫ్ పేరు పదకొండుసార్లు ఉంది. ఆమె దాని వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

"బల్ల మీది లీకుల్లిని కోస్తే జీవితాంతం వెలి" అన్నాడు క్లిఫ్. "నెవిల్, రాయి."

రాశాను. అదీ రాశాను! కలం పట్టుకున్న చెయ్యి నాదే, కింద సంతకం నాదే. అంతమందిలో ఒక్కడైనా "ఆమె తన లీకుల్లిని తనే కోసుకుంది కదా" అనలేదు. అనాల్సినవాణ్ణి నేను. క్లిఫ్ జంటకు మొదటి బహుమతి వచ్చింది. ఆ ఏడు ఎవరూ పెద్దగా చప్పట్లు కొట్టలేదు. నేను మరుసటి వారం ముద్రనూ తాళంచెవినీ వాడి బల్ల మీద పెట్టి వచ్చేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

అబ్రెహెత్‌ను ఆ హోటల్ నుంచి ఇంకో చోటికి, అక్కడి నుంచి ఇంకో చోటికి మార్చారు. నోర్మాకు ఫోను చేస్తుంది. అర్జీ ఇంకా తేలలేదు. కిటికీలో ధనియాలు పెంచితే హోటల్ మేనేజరు తీయించేశాడట. ఆ సంగతి చెబుతూ నోర్మా టోబీ మీద అరుస్తుంటే కంచె ఇవతల నుంచి విన్నాను. నాతో ఎవరూ చెప్పలేదు.

రంగుడబ్బాలోని ఆ మూడో లీకుల్లిని నోర్మా మట్టిలోకి మార్చింది. ఈ వేసవిలో అది నా ఛాతీ ఎత్తు కాడ వేసి పూసింది. నిన్న మంగళవారం. చర్చి హాలు కాదు, మడిలోనే, మంచులో. కొత్తగా వచ్చినవాళ్ళు, పాతవాళ్ళు, మొత్తం పంతొమ్మిది మంది వరసగా నిలబడ్డారు. ఊరివాళ్ళు కూడా ముగ్గురు నలుగురు, క్లిఫ్ కూతురు సహా. నోర్మా గుత్తిలోంచి పిలకలు తీసి ఒక్కొక్కరికీ ఆరేసి ఇస్తోంది.

"ఇవి అబ్రెహెత్‌వి. ఎవరివని ఎవరడిగినా ఆ పేరే చెప్పాలి. నోరు తిరక్కపోతే తిరిగేదాకా అనండి. దాచుకోకండి. కాస్తే పక్కవాడికివ్వండి, వాణ్ణి ఇంకొకడికి ఇమ్మనండి. మళ్ళీ మిమ్మల్ని ఎక్కడికి తోలినా జేబులో వేసుకుపోండి. జేబులు చూడరు వెధవలు."

రాల్ఫ్ వంశం ఏడు దశాబ్దాలు దాచిన పిలకలు అలా పంతొమ్మిది జేబుల్లోకి వెళ్ళిపోయాయి. నేను కంచె దాటి వరస చివర నిలబడ్డాను. నా వంతు వచ్చింది. చెయ్యి చాపాను, కుడి చెయ్యి. నోర్మా దాన్ని చూసింది. గుత్తిలో ఇంకా ఉన్నాయి, నాకు కనిపిస్తూనే ఉన్నాయి.

"ఆ చేతికి ఇవ్వను నెవిల్" అంది. "అది ఏ వైపు లేచిందో నాకింకా గుర్తుంది."

పదిహేను నెలల తర్వాత ఆమె నాతో అన్న మొదటి నిండు మాట అది. గుత్తిని డబ్బాలో పెట్టి మూత వేసింది. కంపోస్టు కుప్ప దగ్గర పార ఉంది, కుప్ప తిరగెయ్యాల్సి ఉంది. నన్నెవరూ చెయ్యమనలేదు. వెళ్ళి పార తీసుకున్నాను.